ఆకుకూరకు గోదాము లేదు - ఎండలో గంటగంటకూ తరిగిపోయే సరుకు

హైదరాబాద్: గుంటూరు మిర్చికి కోల్డు స్టోరేజీ ఉన్నది. దుగ్గిరాల, నిజామాబాదు పసుపుకు గోదాములు ఉన్నాయి. అనకాపల్లి బెల్లం దిమ్మ సైతం ధర మెత్తబడినప్పుడు కొన్నాళ్ళు కొట్టులో ఆగగలదు. ధర నచ్చకపోతే "రేపు చూద్దాం" అనే వెసులుబాటు ఈ సరుకులు పండించేవారికి ఎంతో కొంత ఉన్నది. మార్కెట్లో ఆ మాట అనలేని సరుకు ఆకుకూర.

తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా - పేరు ఏదైనా వీటి వ్యాపారమంతా సూర్యుడితో పోటీ. తెల్లవారుజామున టోకు మార్కెట్లో మోపు దిగిన వేళ పలికిన ధర, పొద్దు బారెడెక్కేసరికి ఉండదు. మధ్యాహ్నానికి ధర మాట అటుంచి అడిగేవారే ఉండరు. చలికాలంలో ఈ తరుగుదల నెమ్మదిగా సాగుతుంది. ఏప్రిల్, మే నెలలలో అది గంటల లెక్కకు వస్తుంది. విచిత్రమేమంటే కొత్తిమీర వంటి కూరలకు గిరాకీ మించి, ధర వేడెక్కేది కూడా ఆ నెలలలోనే. ధర బాగా ఉన్నప్పుడే సరుకు నిలవదు. సరుకు నిలిచే చలికాలంలో ధర ఉండదు.

కట్ట లెక్క

ఆకుకూరల వ్యాపారంలో మరొక ప్రత్యేకత ఉన్నది. టమాటా, వంకాయ, బెండకాయ తూకానికి అమ్ముతారు. ఆకుకూరకు ఎక్కువచోట్ల కట్టే కొలమానం. టోకు మార్కెట్లో నూరు కట్టల లెక్క, చిల్లరలో ఒక్కొక్క కట్ట లెక్క. కట్ట ఎంత అనేదానికి ప్రమాణం లేదు. కట్టే చేతిని బట్టి, కాలాన్ని బట్టి, ధరను బట్టి అది పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. వేసవిలో ధర పెరగడమే కాక కట్ట సన్నబడడం కూడా గృహిణులు ఎరిగిన సంగతే.

ఈ పద్ధతి వల్ల సరుకులో జరిగే తరుగు బయటి లెక్కకు రాదు. తూకానికి అమ్మే సరుకులో నీరు పోతే బరువు తగ్గుతుంది, నష్టం త్రాసు మీద కనిపిస్తుంది. కట్ట లెక్కన అమ్మే సరుకులో నీరు పోయినా నూరు కట్టలు నూరు కట్టలుగానే ఉంటాయి. తగ్గేది ధర. కొనేవారు కట్టను చేత్తో పైకెత్తి చూస్తారు. ఆకు నిటారుగా నిలిస్తే ఒక ధర, తల వాల్చితే మరొక ధర. ఆ ఒక్క చూపుతో రైతు నెల రోజుల కష్టానికి విలువ తేలిపోతుంది.

నెల రోజులు అనడంలో అతిశయోక్తి లేదు. తోటకూర, పాలకూర, మెంతికూర విత్తిన 25, 30 రోజులకు కోతకు వస్తాయి. కొత్తిమీరకు మరికొన్ని రోజులు పడుతుంది. తక్కువ భూమి, తక్కువ పెట్టుబడి, త్వరగా చేతికందే రొక్కం - ఈ మూడు కారణాల వల్ల పట్టణాల చుట్టుపక్కల చిన్న కమతాల రైతులు ఈ పంటను వదలరు. హైదరాబాదుకు చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి వైపు నుండి, విజయవాడ, గుంటూరులకు కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామాల నుండి, విశాఖపట్నానికి ఆనందపురం వైపు నుండి కూరలు రావడానికి కారణం దూరం తక్కువ కావడమే. ఆకుకూర ఎక్కువ దూరం ప్రయాణం చేయలేదు.

కోసినా చావని ఆకు

ఆకుకూరలో నూటికి 85 నుండి 92 పాళ్ళు నీరే. కోసిన తరువాత కూడా ఆకు బ్రతికే ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది, తనలోని నీటిని ఆవిరిగా బయటికి పంపుతూనే ఉంటుంది. వేరు నుండి వచ్చే నీరు మాత్రం కోతతో ఆగిపోయింది. అంటే జమ లేదు, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉన్నది. ఇటువంటి ఖాతా ఎంతకాలం నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

ఆకు బరువులో నూటికి మూడు నుండి ఐదు పాళ్ళు నీరు పోయేసరికే వాడిన లక్షణం కంటికి కనిపిస్తుంది. పది కిలోల మోపులో పావుకిలో, అరకిలో మధ్య నీరు పోతే చాలు, సరుకు రెండో రకం క్రింద జమ అవుతుంది.

ఎండకాలంలో ఈ ఖర్చు ఎంత పెరుగుతుందో చూడండి. 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, గాలిలో తేమ నూటికి 25 పాళ్ళు ఉన్న హైదరాబాదు మే నెల మధ్యాహ్నాన్ని, 25 డిగ్రీల వేడి, 80 పాళ్ళ తేమ ఉన్న వానాకాలపు ఉదయంతో పోల్చితే, మే నెల గాలికి ఆకులోని నీటిని లాగే శక్తి సుమారు ఎనిమిది, తొమ్మిది రెట్లు ఎక్కువ. దీనికి వడగాలి తోడైతే, ఆకు చుట్టూ ఉన్న కాస్త తేమ కూడా నిలవదు. కప్పులేని ట్రాలీ మీద, ఆటో మీద వచ్చే సరుకు దారిలోనే సగం విలువ పోగొట్టుకోవడానికి కారణం ఇదే.

రెండవ ఖర్చు శ్వాస. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆకు శ్వాస వేగం రెండు, మూడు రెట్లు హెచ్చుతుంది. శ్వాసతో పాటు ఆకులో దాచుకున్న చక్కెర కరిగి వేడిగా బయటికి వస్తుంది. గట్టిగా బిగించి కట్టిన మోపు మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగలడానికి కారణం ఇదే. పైఆకు పచ్చగా ఉన్నా లోపలి ఆకు పసుపు తిరిగి ఉండడం అందరూ చూసేదే. సి విటమిన్ కూడా ఈ వేడికి, వాడుదలకు త్వరగా తగ్గిపోతుంది. మార్కెట్లో పోయేది ధర మాత్రమే అనుకోవడం పొరపాటు. వినియోగదారునికి చేరవలసిన పోషక విలువ కూడా దారిలోనే పోతున్నది.

కోత వేళలో చిక్కు

ఆకు నిండా నీటితో ఉండేది తెల్లవారుజామున. రాత్రంతా వేరు పీల్చిన నీరు ఆకుల్లో నిండి ఉంటుంది, మడిలో చల్లదనమూ ఉంటుంది. కనుక సూర్యోదయానికి ముందు కోసిన ఆకు ఎక్కువసేపు నిలుస్తుంది. మధ్యాహ్నం కోస్తే నీరు తక్కువ, ఒంట్లో వేడి ఎక్కువ. ఆ వేడి దిగేవరకు ఆకు నీటిని పోగొట్టుకుంటూనే ఉంటుంది.

ఇది తెలియని రైతు లేడు. అయితే టోకు మార్కెట్టు తెల్లవారకముందే మొదలవుతుంది. తెల్లవారుజామున కోసిన కూర మార్కెట్టు చేరేసరికి మంచి బేరాలు ముగుస్తాయి. ఆలస్యంగా వచ్చిన తాజా సరుకుకంటె వేళకు వచ్చిన నిన్నటి సరుకుకే ధర పలికే సందర్భాలు ఉన్నాయి. అందుచేత చాలామంది ముందురోజు సాయంత్రమే కోసి, కట్టలు కట్టి, రాత్రి వాహనానికి ఎక్కిస్తారు.

సాయంత్రం కోత తప్పేమీ కాదు. పొద్దు వాలిన తరువాత కోసి, కోసిన వెంటనే నీడకు చేర్చి, మంచినీటిలో ముంచి తీసి, నీరు ఓడ్చి, మోపు కట్టకుండా కట్టలను నిటారుగా పేర్చి, పైన తడిగుడ్డ కప్పితే, రాత్రి చల్లదనం ఉచితంగా దొరికిన శీతల గిడ్డంగి వంటిది. నష్టం వచ్చేది ఎండ తగ్గకముందే, నాలుగు గంటలకే కోత మొదలుపెట్టి, వేడిగా ఉన్న ఆకును అలాగే బిగించి కట్టినప్పుడు. పగటి వేడిని మోపులో మూటగట్టి రాత్రంతా దాచినట్లే అవుతుంది.

కోసే కత్తి పదును కూడా లెక్కలోకి వస్తుంది. మొద్దు కత్తితో లాగి కోసినా, కట్టను నేలమీద విసిరినా, కట్టలమీద కూర్చున్నా ఆకు నలుగుతుంది. నలిగిన చోటు నుండే నీరు పోతుంది, కుళ్ళు మొదలవుతుంది.

తడి గోనె మహత్యం - ఎక్కడ ఎంత?

ఆకుకూరలకు తరతరాలుగా ఉన్న కోల్డు స్టోరేజీ తడి గోనెపట్టా. నీరు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తీసుకుంటుంది. కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది. అయితే అన్ని ఊళ్ళలో గోనెపట్టా ఒకే విధంగా పనిచేయదు. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది.

పైన చెప్పిన హైదరాబాదు మధ్యాహ్నం - 40 డిగ్రీలు, 25 పాళ్ళ తేమ - లెక్క తీసుకుంటే, నీడలో, గాలి ఆడే చోట తడిగుడ్డ దాదాపు 24, 25 డిగ్రీల వరకు చల్లబడగలదు. అంటే పదిహేను డిగ్రీల తేడా. కరెంటు ఖర్చు లేకుండా ఇంతకంటె చవకైన చల్లదనం లేదు. తెలంగాణ, రాయలసీమ జిల్లాల పొడి వేసవిలో తడి గోనె విలువ ఇది.

అదే విశాఖపట్నం వంటి కోస్తా పట్టణంలో 36 డిగ్రీల వేడి, 65 పాళ్ళ తేమ ఉన్న రోజున తడిగుడ్డ 30 డిగ్రీల కంటె క్రిందికి దిగదు. తేడా ఆరు డిగ్రీలే. కోస్తా గాలి ఆకులోని నీటిని అంత జోరుగా లాగదు కనుక అక్కడ వాడుదల కొంత నెమ్మది. కాని తడి ఆరదు. ఆరని తడిలో, వేడిలో కుళ్ళు త్వరగా పుడుతుంది. కనుక తెలంగాణలో సరుకును కాపాడే పద్ధతిని కోస్తాలో అదే విధంగా పాటించి, గంటగంటకూ నీళ్ళు చిలకరిస్తే, ఆకు వాడకపోయినా నల్లబడి జిగురు పడుతుంది. కోస్తాలో కావలసింది నీడ, గాలి, పలుచగా పేర్చడం. పొడి ప్రాంతంలో కావలసింది నీడ, గాలి, తడి.

రెండుచోట్లా ఉమ్మడి మాట నీడ. ఎండలో పెట్టిన తడి గోనె చల్లదనంలో పెద్ద భాగాన్ని ఎండకే ఖర్చు చేస్తుంది. చాలామంది చిల్లర అమ్మకందార్లకు లేనిది కూడా ఆ నీడే.

ఇటుక, ఇసుకల గది

ఈ సూత్రాన్నే కాస్త పెద్ద ఎత్తున వాడుకునే కట్టడం ఒకటి ఉన్నది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో సుశాంత కె. రాయ్, డి.ఎస్. ఖుర్దియా 1980 దశకం తొలి సంవత్సరాలలో దీనిని రూపొందించారు. విద్యుత్తు అవసరం లేని శీతల గది అని దీనికి పేరు. ఇటుకలతో ఒకదాని లోపల మరొకటిగా రెండు గోడలు, మధ్యలో 7.5 సెంటీమీటర్ల సందు, ఆ సందులో ఏటి ఇసుక. ఎత్తు నడుము దాటదు. పైన వెదురు తడిక, ఎండుగడ్డి మూత. మొత్తం మీద ఎండ పడకుండా పాక. ఉదయం, సాయంత్రం ఇసుకను నీటితో తడపడమే రోజువారీ ఖర్చు. సుమారు 100 కిలోల కూరలు పట్టే గది కట్టుకోవచ్చు. పొడి వేసవిలో లోపలి వేడి బయటికంటె పది, పదిహేను డిగ్రీలు తక్కువగా ఉంటుంది, తేమ నూటికి 90 పాళ్ళకు చేరుతుంది.

ఆఫ్రికాలోనూ ఇదే ఆలోచన వేరే రూపం తీసుకున్నది. ఉత్తర నైజీరియాకు చెందిన ఉపాధ్యాయుడు మొహమ్మద్ బాహ్ అబ్బా పెద్ద మట్టికుండలో చిన్నకుండ పెట్టి, మధ్య తడి ఇసుక నింపి, పైన తడిగుడ్డ కప్పే పద్ధతిని ప్రచారం చేసి, 2000 సంవత్సరంలో రోలెక్స్ పురస్కారం పొందారు. అదీ పొడిగాలి ప్రాంతమే. కుమ్మరి చేతి పాత్ర, చారెడు ఇసుక, చెంబెడు నీళ్ళు - తెలుగు పల్లెలకు కొత్త సామగ్రి ఏదీ ఇందులో లేదు.

అయితే ఈ గదులు ఊరూరా ఎందుకు లేవన్న ప్రశ్నకు జవాబు వ్యాపారంలోనే ఉన్నది. మిర్చి రైతు సరుకు దాచేది ధర పెరుగుతుందన్న ఆశతో. ఆకుకూర దాచినందువల్ల రేపటి ధర పెరగదు. ఇవాళ్టి ధర పోకుండా ఆగుతుంది, అంతే. లాభం రూపంలో కాక, జరగని నష్టం రూపంలో వచ్చే ఆదాయానికి పెట్టుబడి పెట్టడానికి చిన్న రైతు వెనుకాడడం సహజం. కౌలు భూమిలో ఇటుక గది కట్టడమూ కష్టమే.

నీళ్ళు చల్లే చేయి

వాడిన ఆకు మీద నీళ్ళు చల్లితే తిరిగి నిలబడుతుంది. చల్లని నీటిలో కాడలు మునిగేటట్లు పదిహేను, ముప్ఫై నిమిషాలు ఉంచితే ఇంకా బాగా తేరుకుంటుంది. ఇందులో మోసమేమీ లేదు. పోయిన నీరు తిరిగి వస్తుంది. పోయిన విటమిన్ మాత్రం రాదు. పసుపు తిరిగిన ఆకు మళ్ళీ పచ్చబడదు.

మోసం ఉండేది నీళ్ళలో. వండకుండా పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, సలాడ్ ఆకులపై మురుగు కలిసిన నీరు పడితే, ఆ మురికి నేరుగా కంచంలోకి వస్తుంది. మార్కెట్లలో మంచినీటి కుళాయి లేనిచోట అమ్మకందారుకు దొరికిన నీరే గతి. సరుకు తాజాదనానికి, ప్రజల ఆరోగ్యానికి రెండింటికీ ఒక్క కుళాయి చాలు. యార్డులకు పెద్ద పెద్ద షెడ్ల ప్రణాళికలు వేసేవారు ఆకుకూరలు అమ్మే మూలన నీడ, కుళాయి ఉన్నాయా అని ముందుగా చూడడం మేలు.

కాయగూరలకు పచ్చరంగు పూసే దురలవాటు గురించి కూడా కొనేవారు ఎరిగి ఉండాలి. మాలకైట్ గ్రీన్ అనే రంగు తినదగినది కాదు. లిక్విడ్ పారాఫిన్‌లో తడిపిన దూదితో బెండ, పచ్చిమిర్చి వంటి కాయ పైభాగం రుద్దినప్పుడు దూది పచ్చబడితే రంగు పూసినట్లు గుర్తు.

తమలపాకు వర్తకుల పాఠం

కోసిన ఆకును రోజుల తరబడి నిలిపే విద్య తెలుగు వర్తకానికి కొత్త కాదు. పొన్నూరు, పాయకరావుపేట ప్రాంతాల తమలపాకు దూర పట్టణాలకు వెళుతుంది. వెదురు బుట్టలో అరటాకో, గడ్డో పరచి, ఆకులను ఒక క్రమంలో పేర్చి, తగినంత తడి ఇచ్చి, మూత వేస్తారు. మధ్య మధ్య బుట్ట విప్పి, ఆకు తిరగవేసి, మచ్చపడిన ఆకును ఏరి పారవేస్తారు. ఒక్క కుళ్ళిన ఆకు బుట్టనంతా పాడుచేస్తుందన్నది ఆ వర్తకుల మొదటి పాఠం.

ఆకుకూరల వ్యాపారంలో ఈ ఓపిక కనిపించకపోవడానికి కారణం ధర. తమలపాకు లెక్కపెట్టి అమ్మే సరుకు. తోటకూర కట్టలుగా పోసి అమ్మే సరుకు. ఒక్కొక్క కట్టను విప్పి చూసే కూలికి తోటకూర ధర చాలదు. అయినా కట్టకముందే పసుపు ఆకు, పురుగు తిన్న ఆకు, మట్టి వేరు తీసివేయడం, మెత్తని అరటినారతో వదులుగా కట్టడం, మోపు ఎత్తు తగ్గించడం ఖర్చులేని పనులు.

మరొక జాగ్రత్త పొరుగు సరుకు విషయంలో. పండిన అరటి, మామిడి, టమాటాల నుండి ఎథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. కాయను మాగపెట్టే ఈ వాయువే ఆకును పసుపు తిప్పుతుంది. వేసవిలో మామిడి బుట్టల పక్కనే, మూసిన వాహనంలో వచ్చిన కొత్తిమీర త్వరగా పసుపుబారడానికి ఇది ఒక కారణం.

చివరి కట్టలలోనే లాభం

ఈ జాగ్రత్తల విలువ ఎంత? లెక్క సులువు కోసం ఊహించిన అంకెలతో చూడవచ్చు. వీధిలో గంప పెట్టుకునే ఒక అమ్మకందారు ఉదయం 200 కట్టలు, కట్ట 5 రూపాయల చొప్పున 1,000 రూపాయలకు కొన్నదనుకుందాం. తాజాగా ఉన్నంతసేపు 120 కట్టలు 8 రూపాయల చొప్పున పోయాయి. 960 రూపాయలు వచ్చాయి. వాడిన తరువాత 40 కట్టలు కొన్న ధరకే, 5 రూపాయలకు వదిలింది, 200 వచ్చాయి. మిగిలిన 40 కట్టలు పశువుల పాలు. మొత్తం రాబడి 1,160. మిగులు 160 రూపాయలు.

ఇక పెట్టుబడి ఎక్కడిది? చాలామంది వీధి వ్యాపారులకు ఇప్పటికీ రోజువారీ వడ్డీయే ఆధారం. వెయ్యికి సాయంత్రానికి వంద రూపాయల వడ్డీ అనుకుంటే, చేతిలో నిలిచేది 60 రూపాయలు. ఆటో కిరాయి అందులోనుండే పోవాలి. పన్నెండు గంటల పనికి ఇది కూలి కూడా కాదు.

ఇప్పుడు అదే సరుకును నీడన పెట్టి, సగం మాత్రమే బయట పరచి, తక్కిన సగాన్ని తడిగుడ్డ చుట్టి గంపలోనే ఉంచి, అయినకొద్దీ బయటికి తీసి అమ్మిందనుకుందాం. పూర్తి ధరకు మరో 30 కట్టలు పోయాయి. అప్పుడు 150 కట్టలకు 1,200, వాడిన 40 కట్టలకు 200, వృథా 10 కట్టలే. రాబడి 1,400. మిగులు 400. వడ్డీ పోను 300 రూపాయలు. సరుకు అదే, కొన్న ధర అదే, అమ్మిన ధర అదే. అరవై రూపాయలు మూడు వందలు అయినది కేవలం ముప్ఫై కట్టలు మరి కొన్ని గంటలు నిలవడం వల్ల.

లెక్కల పద్ధతి ప్రకారం ముగింపు సరుకుకు కొన్న ధర, మార్కెట్ ధర - ఈ రెండింటిలో ఏది తక్కువైతే ఆ విలువ కట్టాలి. ఆకుకూర అమ్మే ఆమె పుస్తకం వ్రాయదు కాని, సాయంత్రానికి మిగిలిన తన సరుకు విలువ సున్నా అని ఆమెకు తెలుసు. అందుకే వాడిన కట్టను అడిగిన ధరకు ఇస్తుంది. మొదటి 125 కట్టలు అమ్మితేగాని అసలు తిరిగిరాని ఈ వ్యాపారంలో లాభమంతా చివరి కట్టలలోనే ఉన్నది. ఎండ దెబ్బ తగిలేది కూడా సరిగా వాటికే.

2020 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. స్వనిధి పథకం వీధి వ్యాపారులకు తొలి విడతగా 10,000 రూపాయల వరకు తాకట్టు లేని అప్పు ఇచ్చే ఏర్పాటుతో వచ్చింది. రోజువారీ వడ్డీ నుండి బయటపడడానికి ఇటువంటి అప్పు ఉపకరిస్తుంది. దానితో పాటు గొడుగు, మూతగల పెట్టె, మంచినీరు కూడా అందితేనే ఆ అప్పు సులువుగా తీరుతుంది. 1999 జనవరిలో ప్రారంభమైన రైతు బజార్లు మధ్యవర్తి ఖర్చును తగ్గించాయి. వాటిలోని కప్పు, గట్టు ఆకుకూరల రైతుకు చేసిన మేలు ధరల పట్టికలో కనిపించకపోయినా తక్కువదేమీ కాదు.

పెరటి కూర, మిద్దె తోట

పెరటిలో, మిద్దె మీద కూరలు పెంచేవారికి మార్కెట్టు బాధ లేదు. కాని వేసవిలో కోసిన ఆకు వంటయ్యేలోగా వాడిపోవడం వారికీ అనుభవమే. మిద్దె మీది వేడి మడిలో కంటె ఎక్కువ కావడం ఇందుకు ఒక కారణం. ముందురోజు సాయంత్రం నీరు పెట్టి, తెల్లవారి ఎండ తగలకముందే కోయాలి. కోసిన వెంటనే చల్లని మంచినీటిలో ముంచి తీస్తే ఆకులోని వేడి దిగుతుంది. తరువాత జల్లెడలో వేసి నీరు పూర్తిగా ఓడ్చాలి. ఆకు మీద నీటి బొట్టు నిలిస్తే కుళ్ళు. చుట్టూ గాలిలో తేమ లేకపోతే వాడుదల. కనుక ఆకు పొడిగా, చుట్టిన గుడ్డ చెమ్మగా ఉండడం సూత్రం.

రిఫ్రిజిరేటరు ఉన్నవారు చెమ్మగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలోనో, నాలుగైదు చిల్లులు పెట్టిన పాలిథిన్ సంచిలోనో అడుగు అరలో ఉంచవచ్చు. గాలి ఆడకుండా బిగిస్తే ఆకు లోలోపల పులిసి వాసన పడుతుంది. కొత్తిమీర, పుదీనా కాడలను గ్లాసు నీటిలో నిలిపి, ఆకుల మీద సంచిని వదులుగా బోర్లించే పద్ధతి మంచిది; నీరు రోజూ మార్చాలి. ఈ మధ్య మిద్దె తోటల్లో కనిపించే లెట్యూస్‌కు సున్నా డిగ్రీలకు దగ్గరి చల్లదనం, నిండు తేమ సరిపోతాయి. సబ్జా జాతి బేసిల్ ఆకు మాత్రం పది డిగ్రీలకు దిగువన నల్లబడుతుంది. దానిని బయటే నీటిలో నిలపాలి. రిఫ్రిజిరేటరు లేని ఇంట్లో రెండు కుండలు, మధ్య తడి ఇసుక చాలు.

మిగిలినది ఏమి చేయాలి?

అన్ని కూరలలో గోంగూరకు ఒక అదృష్టం ఉన్నది. తెలంగాణలో పుంటికూరగా పిలిచే ఈ ఆకుకు పచ్చడి అనే రెండో మార్కెట్టు ఉన్నది. నిలవ పచ్చడికి ఆకులోని తడి ఎలాగూ ఆరాలి కనుక కాస్త వాడిన ఆకు అనర్హం కాదు. కుళ్ళినది, పసుపు తిరిగినది మాత్రం పనికిరాదు. కరివేపాకు పొడికి, మునగాకు పొడికి, ఎండు మెంతికూరకు కూడా గిరాకీ ఉన్నది. అయితే పచ్చి ఆకు ఎండితే వచ్చే పొడి బరువు చాలా తక్కువ. ఎండబెట్టేది నీడలో కావాలి, సరుకు పరిశుభ్రంగా ఉండాలి. తోటకూర, పాలకూర, చుక్కకూరలకు ఇటువంటి ప్రత్యామ్నాయం ఇంకా లేదు. వాటి భవిష్యత్తు ఆ రోజు మధ్యాహ్నంతో సరి.

మొత్తం మీద ఆకుకూరల మార్కెట్టులో పెద్ద యంత్రాల కంటె చిన్న ఏర్పాట్లకే ఫలితం ఎక్కువ. పొద్దు వాలిన తరువాతి కోత, వదులైన కట్ట, కప్పు ఉన్న వాహనం, నీడ, శుభ్రమైన నీరు - వీటిలో ఏ ఒక్కటీ కోట్ల వ్యవహారం కాదు. వేసవి ప్రతి ఏడూ వస్తుంది. మే నెలలో కొత్తిమీర ధర ప్రతి ఏడూ పెరుగుతుంది. ఆ పెరిగిన ధరలో కొంతైనా మడిలో కోసిన చేతికి, వీధిలో గంప మోసిన నెత్తికి చేరాలంటే, తాజాదనం మరో మూడు, నాలుగు గంటలు నిలిస్తే చాలు.